బేకరీ అపరిశుభ్రతపై కేసు: జరిమానాతో ముగుస్తుందా, కోర్టు దాకా వెళుతుందా?

ప్రశ్న: గోదావరి తీరవాసి

మా పట్టణంలో బాగా నడిచే ఒక బేకరీ నుంచి తెచ్చిన క్రీము కేకును కోసినప్పుడు లోపలి పొరలో బొద్దింక కాలు, రెక్క ముక్క కనిపించాయి. అప్పటికే తిన్న పిల్లల్లో ఇద్దరికి ఆ రాత్రే వాంతులు మొదలై ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించవలసి వచ్చింది, మరునాటికి కోలుకున్నారు. యజమానిని నిలదీస్తే క్షమాపణ చెప్పి, డబ్బు వాపసు ఇస్తానని, కావాలంటే ఇంకో కేకు పంపిస్తానని అన్నారు. ఆ మాటతో తృప్తి పడక, దుకాణం వెనక సందులో ఉన్న వారి తయారీ షెడ్డును కిటికీలోంచి చూశాను. మైదా బస్తాలు నేల మీదే ఉన్నాయి, వాటి పక్కన ఎలుక పెంటికలు కనిపించాయి, తుప్పు పట్టిన రేకు ట్రేలలోనే బన్నులు చల్లారుతున్నాయి, పగిలిన గుడ్లను ఒక బకెట్‌లో వేరుగా పెట్టి ఉంచారు. ఫోనులో కొంత వీడియో తీశాను.

పోలీస్ స్టేషన్‌కు వెళ్తే, ఇది తమ పరిధి కాదని, ఫుడ్ ఇన్‌స్పెక్టర్‌ను కలవమని పంపించారు. కేకు మిగిలిన ముక్క మా ఇంట్లో డీప్ ఫ్రీజర్‌లో ఉంది. పెట్టె మీద పద్నాలుగు అంకెల లైసెన్సు సంఖ్య ఉంది గానీ, వారిచ్చిన బిల్లు మీద అది లేదు. జరిమానా కట్టించి వదిలేయడం కాకుండా, ఈ యజమానిని కోర్టులో ముద్దాయిగా నిలబెట్టే అవకాశం చట్టంలో ఉందా? ఉంటే ఆ పని ఎవరు చేయాలి, నా వీడియోకూ ఫ్రీజర్‌లోని ముక్కకూ సాక్ష్యంగా ఏ మాత్రం విలువ ఉంటుంది? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు 1: విశ్రాంత ఆహార భద్రత అధికారి

ముందుగా ఫ్రీజర్‌లోని ముక్క సంగతి. అది మీ ఇంట్లో, మీ చేతుల్లో ఉన్న వస్తువు కాబట్టి ఆహార భద్రత చట్టం దృష్టిలో అది నమూనా కాదు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోని సెక్షన్ 47 ప్రకారం నమూనాను అధికారి స్వయంగా, వ్యాపారికి నోటీసు ఇచ్చి, ఖరీదు చెల్లించి తీసుకుని, నాలుగు భాగాలు చేసి, ఒక్కొక్క దానికీ సీలు వేయాలి. అందులో ఒక భాగం నమూనాలను పరీక్షించే ఫుడ్ అనలిస్టుకు వెళుతుంది, రెండు భాగాలు జిల్లాలో ఆహార భద్రత బాధ్యతలు చూసే డిజిగ్నేటెడ్ ఆఫీసర్ దగ్గర భద్రంగా ఉంటాయి, వ్యాపారి కోరితే నాలుగో భాగాన్ని గుర్తింపు పొందిన మరో ప్రయోగశాలకు పంపాలి. ఈ క్రమంలో ఒక్క సీలు సరిగా లేకపోయినా, ఒక్క సంతకం తప్పినా, ఎంత కుళ్లిన సరుకు పట్టుకున్నా కేసు నిలవదు. అయినా ఆ ముక్కను పారేయకండి. అది పనికివచ్చే చోటు వేరే ఉంది, వినియోగదారుల వ్యవహారం తెలిసినవారు దాని గురించి చెబుతారు.

మీరు కోరుకుంటున్న ప్రాసిక్యూషన్ ఎలా మొదలవుతుందో చెబుతాను. సెక్షన్ 42 కింద అధికారి తనిఖీ చేసి నమూనా తీస్తారు. అనలిస్ట్ 14 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. దానిని డిజిగ్నేటెడ్ ఆఫీసర్ చదివి, ఇది జరిమానాతో పోయే ఉల్లంఘనా, జైలు శిక్ష పడదగిన నేరమా అన్నది తేలుస్తారు. జైలు పడదగినదైతే మరో 14 రోజుల్లోగా ఆహార భద్రత కమిషనర్‌కు సిఫారసు పంపాలి, కమిషనర్ మంజూరు చేసిన తరువాతే కోర్టులో కేసు దాఖలవుతుంది. జరిమానాతో పోయేదైతే అది కోర్టు గడప తొక్కదు. అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గని న్యాయనిర్ణయాధికారి ముందుకు, అంటే ఆంధ్రప్రదేశ్‌లో సాధారణంగా జాయింట్ కలెక్టర్ ముందుకు వెళుతుంది. పత్రికల్లో "బేకరీపై కేసు నమోదు" అని వచ్చే వార్తల్లో చాలా భాగం ఈ రెండో రకానివే.

మీరు కిటికీలోంచి చూసినదంతా, ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటే, సెక్షన్ 56 కిందికి వస్తుంది. అపరిశుభ్ర పరిస్థితుల్లో ఆహారం తయారు చేసినందుకు లక్ష రూపాయల వరకు జరిమానా, జైలు లేదు. కేకులోని బొద్దింక ముక్కను వట్టి పరాయి పదార్థంగా చూస్తే సెక్షన్ 54, అక్కడా లక్ష వరకే. ఆ కేకు ఆరోగ్యానికి హాని చేసే స్థితిలో ఉందని, అంటే చట్టం చెప్పే అసురక్షిత ఆహారమని తేలితేనే సెక్షన్ 59 వర్తిస్తుంది, అప్పుడే జైలు మాట వస్తుంది. కాబట్టి మీ యజమాని ముద్దాయి బోనులో నిలబడతాడా లేదా అన్నది షెడ్డు ఎంత అసహ్యంగా ఉందన్న దాని మీద కంటే, ప్రయోగశాల నివేదిక చివరి పంక్తిలో "అసురక్షితం" అన్న మాట ఉందా లేదా అన్న దాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. నేను ఉద్యోగంలో ఉండగా ఈ తేడాను ఫిర్యాదుదారులకు నచ్చజెప్పడమే అన్నిటికంటే కష్టంగా ఉండేది.

ఇక చేయవలసిన పని. మీ జిల్లా అసిస్టెంట్ ఫుడ్ కంట్రోలర్ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, తీసుకున్నట్టుగా రసీదు పొందండి. అదే ఫిర్యాదును ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో కూడా నమోదు చేయండి, అక్కడ అది ఏ దశలో ఉందో కనబడుతుంది. 1800 112 100 అనే టోల్ ఫ్రీ సంఖ్య కూడా ఉంది. ఫిర్యాదులో కేకు గురించి రెండు వాక్యాలు చాలు. తయారీ షెడ్డు ఎక్కడుందో, అక్కడ ఏ వేళకు పని మొదలవుతుందో, క్రీము ఎప్పుడు కలుపుతారో, రాత్రి మిగిలిన సరుకును ఎక్కడ ఉంచుతారో రాయండి. అధికారి దుకాణం కౌంటర్‌కు వెళితే అద్దాల వెనక మెరిసే కేకులు తప్ప ఏమీ కనిపించవు; తెల్లవారుజామున షెడ్డుకు వెళితే అంతా కనిపిస్తుంది. మీ వీడియో అధికారిని సరైన చోటికి, సరైన సమయానికి పంపడానికి పనికివస్తుంది. దాన్ని ముందే సామాజిక మాధ్యమాల్లో పెడితే మాత్రం అధికారి వెళ్లేలోగా షెడ్డుకు సున్నం కొట్టి, ట్రేలు మార్చి, బస్తాలను చెక్క పలకల మీదికి ఎక్కించి ఉంటారు.

క్రిములను పరీక్షించే నమూనా సంగతి ఇంకో చిక్కు. బొద్దింక కాలు ఎన్ని రోజులైనా బొద్దింక కాలే గానీ, క్రీములోని బ్యాక్టీరియా సంఖ్య రవాణాలో గంట గంటకూ మారుతుంది. శుభ్రమైన పరికరాలతో తీసి, చల్లగా ఉంచి, త్వరగా చేర్చకపోతే ఆ నివేదికను ఎదుటి న్యాయవాది సులువుగా కొట్టిపారేస్తాడు. ఉమ్మడి రాష్ట్రంలో మా నమూనాలు హైదరాబాదులోని నాచారం ప్రయోగశాలకు వెళ్లేవి. కోస్తా నుంచి అక్కడికి క్రీము కేకు పంపడం ఎలాంటి పనో మీరే ఊహించుకోవచ్చు.

జవాబు 2: జిల్లా కోర్టు న్యాయవాది

పై జవాబులో చెప్పినది సరైనదే. దానికి చట్టం వైపు నుంచి కొన్ని విషయాలు కలుపుతాను, ఒక చోట కొద్దిగా విభేదిస్తాను.

అసురక్షిత ఆహారం అనే నిర్వచనం సెక్షన్ 3లో ఉంది. ఆ జాబితాలో పురుగులు, కీటకాలు పట్టిన ఆహారమూ ఉంది, అపరిశుభ్ర పరిస్థితుల్లో తయారు చేసిన, ప్యాకు చేసిన, నిలవ ఉంచిన ఆహారమూ ఉంది. అంటే మీ షెడ్డు సెక్షన్ 56 కిందికే వస్తుందని ముందే తీర్మానించుకోనక్కరలేదు. అయితే ఆ జాబితాకు తలవాకిట ఒక షరతు ఉంది: ఆహారం స్వభావం గానీ నాణ్యత గానీ ఆరోగ్యానికి హాని చేసేంతగా దెబ్బతిని ఉండాలి. ఒకే వాస్తవం 56 కిందికీ 59 కిందికీ రాగలదు. వాటి మధ్య గీత గీసేది ఆ హాని అనే మాటే. పరాయి పదార్థానికి ఇచ్చిన నిర్వచనం కూడా, అది ఆహారాన్ని అసురక్షితం చేయనిదై ఉండాలనే చెబుతోంది. కనుక బొద్దింక ముక్కను సెక్షన్ 54లో పడేయడమంటే, ఆ కేకు తింటే ప్రమాదం లేదని అధికారి ఒప్పుకున్నట్టే. మీ ఫిర్యాదులో ఈ మాటను గట్టిగా రాయండి.

పురుగు పట్టిన ఆహారం గురించి పాత 1954 నాటి కల్తీ నిరోధక చట్టం కింద సుప్రీంకోర్టులో ఆసక్తికరమైన వాదన నడిచింది. రెండు కేసులూ ఢిల్లీ కార్పొరేషన్‌వే, రెండింటిలోనూ సరుకు జీడిపప్పే. కచేరూ మల్ కేసులో కోర్టు, పురుగు కనిపించడం ఒక్కటే చాలదు, సరుకు మనుషులు తినడానికి పనికిరాకుండా పోయిందని కూడా తేలాలి అన్నది. ఆ తరువాత టేక్ చంద్ భాటియా కేసులో, పురుగు పట్టడం, తినడానికి పనికిరాకపోవడం అనేవి వేరు వేరు కారణాలనీ, ఏ ఒక్కటి రుజువైనా చాలుననీ తేల్చింది. ఆ చట్టం రద్దయింది, కానీ ఇప్పటి చట్టంలో హాని అనే షరతును పైన పెట్టడం వల్ల ముద్దాయి తరఫువారికి మొదటి తీర్పులోని ధోరణిలో వాదించే వీలు మళ్లీ దొరికిందని నా అభిప్రాయం.

సెక్షన్ 59 కింద శిక్షలు ఫలితాన్ని బట్టి పెరుగుతాయి. ఎవరికీ ఏమీ కాకపోతే ఇదివరకు 6 నెలల వరకు జైలు, లక్ష వరకు జరిమానా ఉండేవి. 2023 నాటి జన్ విశ్వాస్ సవరణ చట్టం జైలును 3 నెలలకు తగ్గించి జరిమానాను 3 లక్షలకు పెంచింది. తీవ్రం కాని హాని జరిగితే ఏడాది వరకు జైలు, 3 లక్షల వరకు జరిమానా. తీవ్ర హానికి 6 ఏళ్ల వరకు, 5 లక్షల వరకు. మరణం సంభవిస్తే 7 ఏళ్లకు తక్కువ కాకుండా యావజ్జీవం వరకు, జరిమానా 10 లక్షలకు తగ్గకుండా. ఇద్దరు పిల్లలకు సెలైన్ ఎక్కించవలసి వచ్చింది కాబట్టి మీది రెండో మెట్టు కిందికి రావాలి. అలా రావాలంటే వాంతులకు ఆ కేకే కారణమని రుజువు కావాలి, ఆసుపత్రి కాగితాలు అందుకు మూలాధారం. సెక్షన్ 65 కింద పరిహారం ఇప్పించే వీలు కూడా ఉంది: మరణానికి 5 లక్షలకు తగ్గకుండా, తీవ్ర హానికి 3 లక్షల వరకు, ఇతర హానికి లక్ష వరకు.

పోలీసుల విషయంలో మీరు వారిని తప్పుపట్టనక్కరలేదు. రామ్‌నాథ్ కేసులో 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఆహార భద్రత చట్టంలోని సెక్షన్ 59 వర్తించే చోట భారత శిక్షాస్మృతిలోని 272, 273 సెక్షన్ల కింద విడిగా ప్రాసిక్యూషన్ నడపడం కుదరదని స్పష్టం చేసింది. ఆ సెక్షన్లే ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 274, 275గా ఉన్నాయి.

గడువు ముఖ్యం. సెక్షన్ 77 ప్రకారం నేరం జరిగిన ఏడాదిలోగా కోర్టు కేసును స్వీకరించాలి. కమిషనర్ కారణాలు రాసి అనుమతిస్తే మూడేళ్ల వరకు పొడిగించవచ్చు. అనలిస్ట్ నివేదికపై వ్యాపారి 30 రోజుల్లో అప్పీలు చేసుకుంటే నమూనా పై స్థాయి పరీక్షలు చేసే రిఫరల్ ప్రయోగశాలకు వెళ్లవచ్చు, అక్కడ కొన్ని నెలలు గడిచిపోవచ్చు. ఇలా కాగితాలు ఒక బల్ల మీద నుంచి మరో బల్ల మీదికి పోతుండగానే ఏడాది కరిగిపోయిన కేసులు కొల్లలు.

పాత చట్టంలో కొన్నవారే పబ్లిక్ అనలిస్ట్ నివేదికను జతచేసి నేరుగా కోర్టులో ఫిర్యాదు వేసే వీలు ఉండేది. కొత్త చట్టం సెక్షన్ 40లో రుసుము చెల్లించి పరీక్ష చేయించుకునే హక్కును మిగిల్చింది, ప్రమాణాలకు సరిపోదని తేలితే రుసుము వాపసు వస్తుంది, నివేదిక తదుపరి చర్యకు డిజిగ్నేటెడ్ ఆఫీసర్‌కు వెళుతుంది. అయితే పరీక్ష చేయించే ఉద్దేశాన్ని కొనేటప్పుడే వ్యాపారికి చెప్పాలి. ఇంటికి తెచ్చి కోసిన కేకుకు ఇది పనికిరాదు. పౌరుడి చేతిలోని తాళాన్ని తీసుకుని కార్యాలయం చేతికి ఇవ్వడం ఈ చట్టంలో నాకు నచ్చని అంశం.

ఫ్రీజర్‌లోని ముక్కకు దారి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్ అవసరమనుకుంటే ఆ ముక్కను తీసుకుని, సీలు వేసి, ప్రయోగశాలకు పంపగలదు. 45 రోజుల్లో నివేదిక తెప్పించుకోగలదు. అక్కడ యజమానికి జైలు పడదు గానీ మీకు పరిహారం రావచ్చు. రెండు దారుల్లోనూ ఒకేసారి నడవవచ్చు.

జవాబు 3: బేకరీ నడిపే గృహిణి

నేను చిన్న బేకరీ యజమానిని. ఆ షెడ్డు గురించి చదివినప్పుడు నాకూ అసహ్యమే వేసింది, అలాంటివారిని వెనకేసుకు రావడానికి రాయడం లేదు. కానీ పై రెండు జవాబులూ చదివిన తరువాత బయటివారికి తెలియని కొన్ని సంగతులు చెప్పాలనిపించింది.

పొయ్యిలో కాలినది చాలావరకు క్షేమమే. బ్రెడ్డు గానీ ఉస్మానియా బిస్కెట్టు గానీ లోపలి వేడికి మామూలు క్రిములు చచ్చిపోతాయి. ప్రమాదమంతా పొయ్యి నుంచి దించిన తరువాత మొదలవుతుంది: చల్లార్చే చోట, బ్రెడ్డు కోసే యంత్రం మీద, క్రీము పూసే చేతుల్లో, కరెంటు పోయిన రాత్రి ఫ్రిజ్‌లో. కొన్ని రకాల క్రిములు చచ్చినా అవి వదిలిన విషం వేడికి చావదు. కాబట్టి తనిఖీకి వచ్చేవారు పొయ్యి చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకోవడం కంటే, చల్లార్చే బల్లనూ క్రీము గిన్నెనూ చూడాలి. పగిలిన గుడ్ల బకెట్ గురించి మీరు రాసింది నాకు అన్నిటికంటే పెద్ద ప్రమాద సూచనగా కనిపించింది. పగిలిన గుడ్లు తక్కువ ధరకు వస్తాయి, కేకు కలిపేవాళ్లలో కొందరు కావాలనే అవే కొంటారు. అమ్ముడుపోకుండా తిరిగి వచ్చిన కేకును పొడి చేసి మరో సరుకులో కలపడం కూడా ఈ వ్యాపారంలో ఉన్నదే. తేదీ లేని విడి సరుకులో అది బయటపడదు.

లైసెన్సు నిబంధనల్లోని నాలుగో షెడ్యూలులో మాకు వర్తించేవన్నీ రాసి ఉన్నాయి: నీటి పరీక్ష, ఎలుకలూ కీటకాలూ రాకుండా చూసే ఏర్పాటు, పనివారికి ఏటా వైద్య పరీక్ష, టైఫాయిడ్ టీకా. చేయదలచుకున్నవారికి ఇవి కష్టం కావు. నా బాధ వేరు. లక్ష జరిమానా నాలాంటివారికి పొయ్యి ఆర్పేసే మొత్తం, అయిదారు శాఖలున్న పెద్ద బేకరీకి అది ఒక పండగ పూట గల్లాపెట్టె. సెక్షన్ 49 ప్రకారం వ్యాపారి ఎంత లాభపడ్డాడు, తప్పు మళ్లీ మళ్లీ చేశాడా అన్నవి చూసి మొత్తం నిర్ణయించాలని ఉందట. అలా చూసి విధించిన ఉత్తర్వులు నా ఎరుకలో తక్కువ.

ఇంకొకటి. ప్రతి తప్పుకూ కోర్టు అనడం నాకు సరి అనిపించదు. సెక్షన్ 32 కింద లోపాలు రాసి, సరిదిద్దుకోవడానికి గడువు ఇచ్చే నోటీసు ఉంది. దానికి లొంగకపోతే లైసెన్సు నిలిపివేయవచ్చు, అప్పటికీ మారకపోతే రద్దు చేయవచ్చు. నెలరోజులు షట్టరు దించి ఉండటం కంటే బేకరీవాడికి భయం కలిగించేది ఇంకొకటి లేదు, జైలు కూడా కాదు, ఎందుకంటే జైలు ఎప్పుడో ఏళ్ల తరువాత సంగతి.

జవాబు 4: విశ్రాంత ఆహార భద్రత అధికారి

అమ్మా, మీరు చెప్పిన నోటీసు మొదటిసారి తప్పు చేసినవారికి మంచి మందే, నేనూ చాలామందికి ఇచ్చాను. పిల్లలు ఆసుపత్రి పాలైన తరువాత మాత్రం అది చాలదు. ఆరోగ్యానికి ప్రమాదం ఉన్నచోట సెక్షన్ 34 కింద అత్యవసర నిషేధ నోటీసు ఇచ్చి, కమిషనర్ ద్వారా తయారీని ఆపించవచ్చు. ప్రాసిక్యూషన్ నడుస్తుండగానే షట్టరు కూడా దించవచ్చన్నమాట; ఒకటి చేస్తే రెండోది చేయకూడదని లేదు.

జవాబు 5: ప్రభుత్వ వైద్యుడు

ఒక్క విషయం మాత్రమే చెబుతాను. తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలైతే స్టెఫిలోకాకస్ విషాన్ని అనుమానిస్తాము, క్రీము ఉన్న సరుకుల్లో అది తరచుగా కనిపించేదే. విరేచనాలు, జ్వరం మరుసటి రోజు మొదలైతే సాల్మొనెల్లా వైపు చూస్తాము, అది ఎక్కువగా గుడ్ల నుంచి వస్తుంది. ఎన్ని గంటలకు తిన్నారు, ఎన్ని గంటలకు వాంతి మొదలైంది, తినని పిల్లలకు ఏమైనా అయిందా అన్న మూడు వివరాలు కేసు షీటులో ఉంటే, రేపు కోర్టులో వైద్యుడు నిలబడి చెప్పగలిగేది ఏమైనా ఉంటుంది. "ఫుడ్ పాయిజనింగ్, గ్యాస్ట్రో" అని రెండు మాటలు రాసి డిశ్చార్జి చేసిన కాగితం మీద ఏ న్యాయవాదీ కేసు కట్టలేడు. ఆసుపత్రి నుంచి పూర్తి కేసు షీటు ప్రతిని ఇప్పుడే తీసుకోండి. వాంతి, మలం నమూనాలు పరీక్షకు పంపి ఉంటే ఆ నివేదిక కూడా అడగండి.

జవాబు 6: న్యూజెర్సీలో ఉంటున్న తెలుగువాడు

ఇక్కడ ఆహార సంస్థలో నాణ్యత విభాగంలో పనిచేస్తున్నాను కాబట్టి పోలిక కోసం రాస్తున్నాను. అమెరికాలో 1938 నాటి చట్టం ప్రకారం, ఆహారం మురికితో కలుషితమై ఉండగల అపరిశుభ్ర పరిస్థితుల్లో తయారైందని గానీ నిలవ ఉందని గానీ చూపిస్తే చాలు, అది కల్తీ సరుకే. తినే వస్తువులో ఎలుక వెంట్రుక దొరికిందని ప్రత్యేకంగా రుజువు చేయనక్కరలేదు, ఎవరికైనా జబ్బు చేసిందని అసలే చూపనక్కరలేదు. గోదాములో ఎలుకలు తిరుగుతున్నాయన్నదే నేరానికి సరిపోతుంది.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ 1975లో ఇక్కడి సుప్రీంకోర్టు తేల్చిన పార్క్ కేసు. ఆక్మీ మార్కెట్స్ అనే పెద్ద దుకాణాల సంస్థకు బాల్టిమోర్‌లో ఉన్న గోదాములో ఎలుకల బెడద తనిఖీల్లో బయటపడింది. సంస్థ అధ్యక్షుడు ఉండేది ఫిలడెల్ఫియాలో. పని కిందివారికి అప్పగించానని, వారిని నమ్మానని ఆయన వాదించాడు. పరిస్థితిని సరిదిద్దే అధికారం ఆయన చేతిలో ఉంది కాబట్టి బాధ్యత ఆయనదేనని కోర్టు శిక్షను నిలబెట్టింది. వేసిన జరిమానా మాత్రం అయిదు అభియోగాలకు కలిపి 250 డాలర్లు! అంత చిన్న మొత్తానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లారంటే, నేరస్థుడనే ముద్ర ఆ పదవిలో ఉన్నవారికి ఎంత బరువో తెలుస్తుంది. మన దగ్గర షెడ్డు మేస్త్రీని చూపించి యజమాని తప్పుకునే వీలు ఉందా?

జవాబు 7: జిల్లా కోర్టు న్యాయవాది

మంచి ప్రశ్న. మన చట్టంలో సెక్షన్ 66 ప్రకారం కంపెనీ అయితే ఆహార భద్రతకు బాధ్యుడిగా ఒక వ్యక్తిని నామినీగా పెట్టవచ్చు, నేరం జరిగితే మొదట అతనే ముద్దాయి అవుతాడు. పెద్ద సంస్థలు ఈ పదవిలో ఒక జీతగాడిని కూర్చోబెట్టి పైవారు నిశ్చింతగా ఉంటారు. డైరెక్టరు సమ్మతితో గానీ నిర్లక్ష్యం వల్ల గానీ జరిగిందని రుజువైతే అతనూ బాధ్యుడే అని చట్టం అంటున్నా, ఆ రుజువు భారం ప్రాసిక్యూషన్ మీద ఉంటుంది. ఒక్కరి పేరు మీదే ఉన్న సొంత బేకరీకి ఈ గొడవ లేదు: లైసెన్సు ఎవరి పేరున ఉందో వారే ముద్దాయి. తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని సెక్షన్ 80 కింద రక్షణ కోరవచ్చు, కానీ అలా నిరూపించడానికి పెస్ట్ కంట్రోల్ రసీదులు, పనివారి వైద్య ధ్రువపత్రాలు, శుభ్రం చేసిన రోజువారీ రికార్డు కావాలి. ప్రశ్న అడిగినవారు వర్ణించిన షెడ్డులో అలాంటి రిజిస్టరు ఉంటుందని నేను అనుకోను.

మిత్రుడు చెప్పిన అమెరికా నియమానికి మన దగ్గర దగ్గరగా ఉన్నది సెక్షన్ 56. జబ్బు, నివేదిక ఏదీ అడగకుండా అపరిశుభ్రతనే తప్పుగా చూస్తుంది. అక్కడ అది నేరం, ఇక్కడ లక్షలోపు జరిమానా. మన శాసనకర్తలు ఆ గీతను కావాలనే అక్కడ గీశారు.

ప్రశ్న అడిగినవారు: గోదావరి తీరవాసి

అందరికీ కృతజ్ఞతలు. కేసు షీటు కోసం ఆసుపత్రికి దరఖాస్తు పెట్టాను, అసిస్టెంట్ ఫుడ్ కంట్రోలర్ కార్యాలయంలో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకున్నాను. వీడియోను ఎక్కడా పెట్టలేదు. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. బిల్లు మీద లైసెన్సు సంఖ్య లేకపోవడం దేనికైనా పనికివస్తుందా? అధికారులు నిజంగా షెడ్డుకు వెళ్లి నమూనా తీశారో, కౌంటర్ చూసి తిరిగి వచ్చారో నాకు ఎలా తెలుస్తుంది?

జవాబు 8: విశ్రాంత ఆహార భద్రత అధికారి

బిల్లుల మీద లైసెన్సు సంఖ్య ముద్రించడం 2022 జనవరి 1 నుంచి తప్పనిసరి. అది లేకపోవడం చిన్న ఉల్లంఘనే గానీ, ఫిర్యాదులో చేర్చండి. పెట్టె మీద ఉన్న సంఖ్యను ఆహార లైసెన్సుల వివరాలుండే ప్రభుత్వ వెబ్‌సైట్ ఫాస్కాస్ (FoSCoS)లో వెతికితే ఆ లైసెన్సు ఎవరి పేరున, ఏ చిరునామాకు ఉందో కనిపిస్తుంది. దుకాణం చిరునామా ఒక్కటే ఉండి, వెనక సందులోని షెడ్డు అందులో లేకపోతే, ఆ షెడ్డుకు లైసెన్సే లేనట్టు. అది బిల్లు కంటే చాలా పెద్ద తప్పు, తనిఖీకి వెళ్లే అధికారి కాదనలేని కారణం కూడా అవుతుంది.

రెండో దానికి సమాచార హక్కు చట్టం ఉంది. డిజిగ్నేటెడ్ ఆఫీసర్ కార్యాలయానికి దరఖాస్తు పెట్టి, మీ ఫిర్యాదుపై తనిఖీ ఏ తేదీన, ఏ చిరునామాలో జరిగింది, నమూనాలు తీశారా, తీస్తే అనలిస్టుకు పంపిన తేదీ, నివేదిక అందిన తేదీ ఏవి, నివేదికలో తేలినది ఏమిటి, కమిషనర్‌కు సిఫారసు పంపారా అని విడివిడిగా అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దర్యాప్తు నడుస్తోందని నివేదిక ప్రతిని నిరాకరించవచ్చు గానీ, తేదీలను దాచడానికి వారికి కారణం దొరకదు. ఆ తేదీలు మీ చేతికి వస్తే, సెక్షన్ 77 కింద ఏడాది గడువు ఎప్పటితో ముగుస్తుందో లెక్క వేసుకుని, దానికి మూడు నెలల ముందే కమిషనర్‌కు నేరుగా లేఖ రాయండి.